తెలిసినవారి దగ్గర తుపాకీ కొంటే డీలరుకు 11 శాతం పన్ను కట్టాలా?

కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉంటున్నాను, గ్రీన్‌కార్డు ఉంది. పక్కింటి పెద్దాయన తన పాత షాట్‌గన్‌ను 400 డాలర్లకు ఇస్తానన్నారు. ఇక్కడ ఇరుగుపొరుగు మధ్య అమ్మకమైనా లైసెన్సున్న డీలరు ద్వారానే జరగాలి, 10 రోజులు ఆగాలి. దానికి ఇబ్బంది లేదు. రాష్ట్ర రుసుము 37.19 డాలర్లు, డీలరుకు తుపాకీకి 10 డాలర్లు మించకూడదని చదివాను. నేను అడిగిన డీలరేమో చీటీ మీద పెన్నుతో ‘సేవా రుసుము 75’ అని, దాని కింద 2024 జులై నుంచి తుపాకుల అమ్మకాల మీద అమల్లోకి వచ్చిన 11 శాతం రాష్ట్ర పన్ను కింద మరో 44 రాసిచ్చాడు. సరుకు ఆయనది కాదు, సొమ్మూ ఆయన గల్లాలో పడదు. మరి పన్ను దేనిమీద? ఇలాంటి బదిలీ చేయించుకున్నవారు మొత్తం ఎంత కట్టారో, రసీదులో ఏమేం వేశారో దయచేసి చెప్పండి. ‘అసలు తుపాకీ ఎందుకు’ అనే చర్చ ఇంట్లో ఇప్పటికే నడుస్తోంది.