ప్రేమ గురించిన ప్రశ్నను గురువుగారి ముందు ఎలా పెట్టాలి?

ప్రశ్న – బాటసారి

నేను రెండేళ్ళుగా ఒక ఆధ్యాత్మిక గురువుగారి సత్సంగానికి వెళుతున్నాను. ప్రసంగం ముగిసిన తరువాత, శ్రోతలు చీటీల మీద రాసి పంపిన ప్రశ్నలకు ఆయన సమాధానాలు చెబుతారు. నాలుగేళ్ళు నాతో కలిసి నడిచి, ఏడాదిన్నర క్రితం కారణం చెప్పకుండా దూరమైన వ్యక్తి ఇప్పుడు తిరిగి రావాలనుకుంటున్నారు. ఆ మాట తెలిసినప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. కిందటి సత్సంగంలో ధైర్యం తెచ్చుకొని, "ప్రేమలోని మోహాన్ని జయించడం ఎలా?" అని రాసి పంపాను. ఆయన చీటీ చదివి, "ఆ మోహం ఎవరికి కలిగిందో చూడండి" అని ఒక్క మాట చెప్పి తరువాతి చీటీ అందుకున్నారు. చుట్టూ ఉన్నవారందరూ తలలూపారు. నాకు మాత్రం, తలుపు తడితే లోపలి నుంచి "ఎవరది?" అన్నారే గాని తలుపు తీయలేదనిపించింది.

ఇటువంటి సొంత విషయాలను గురువు దగ్గరకు తీసుకువెళ్ళడమే పొరపాటా, లేక నేను అడిగిన తీరులో లోపముందా? అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం – పాతపుటలు

పొరపాటు ఎంతమాత్రం కాదు. ప్రేమను గురించి మన ఉపనిషత్తులలో అందరికీ తెలిసిన బోధ బృహదారణ్యకంలో ఉన్నది. అది ఒక ఇంట్లో, భార్యాభర్తలు విడిపోబోయే సమయంలో జరిగిన సంభాషణ. ఇల్లు విడిచి వెళ్ళదలచిన యాజ్ఞవల్క్య మహర్షి ఉన్న ఆస్తిని తన భార్యలైన మైత్రేయికి, కాత్యాయనికి పంచుతానన్నప్పుడు, భూమండలమంతా ధనంతో నిండి తన సొంతమైనా దానితో అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడిగింది. రాదన్నాడు ఆయన. ఆ తరువాతనే, భర్త కోసం భర్త ప్రియుడు కాడు, ఆత్మ కోసమే భర్త ప్రియుడవుతాడు అన్న మాట వస్తుంది. దీనిని స్వార్థబోధగా చదివేవారు ఉన్నారు కాని, అక్కడ ఆత్మ అంటే "నా సుఖం" అని కాదు. మనం ఎదుటివారిలో దేనిని వెతుకుతున్నామో చూడమని ఆయన చెబుతున్నాడు. గీత కూడా నాలుగవ అధ్యాయం 34వ శ్లోకంలో ప్రణిపాతానికి (సాష్టాంగ నమస్కారానికి), సేవకు నడుమ "పరిప్రశ్న"ను, అంటే తరచి అడగడాన్ని, నిలిపింది. గురువు ముందు మౌనంగా కూర్చోవడమే వినయమని ఆ శ్లోకం అనలేదు.

ఇక మీ గురువుగారు చెప్పిన మాటకు వెనుక ఒక చరిత్ర ఉన్నది. రమణ మహర్షికి ఇరవై రెండేళ్ళ వయసులో, మౌనంగా ఉంటున్న రోజులలో, శివప్రకాశం పిళ్ళై అనే రెవెన్యూ ఉద్యోగి కొన్ని ప్రశ్నలు వేశారు. మహర్షి రాసి చూపిన సమాధానాలే తరువాత "నేనెవడను" అనే చిన్న గ్రంథమయ్యాయి. ఆలోచన పుట్టినప్పుడు "ఇది ఎవరికి కలిగింది?" అని విచారించే పద్ధతి అందులోనిదే. అయితే ఆ విచారణ నేర్చుకొన్న పిళ్ళైగారే, భార్య పోయిన తరువాత మళ్ళీ పెళ్ళి చేసుకోవాలా వద్దా అని తేల్చుకోలేక, ప్రశ్నలు కాగితం మీద రాసి గుడిలో దేవుని ముందు ఉంచారు. సమాధానం రాలేదు. మహర్షి దగ్గరకు వెళ్ళి కూడా ఆ మాట ఎత్తలేదు. అక్కడ ఆయన జీవించే తీరును చూస్తూ ఉండగానే సందేహం తీరిందని తిరిగి వచ్చేశారు. "నేనెవడను" అని అడిగినవారికే ఇంత సంకటం వచ్చినప్పుడు, ఒక్క వాక్యంతో మీ మనసు నిలవకపోవడంలో వింత లేదు.

సమాధానం – చీటీలు పోగుచేసినవాడిని

నేను ఎనిమిదేళ్ళు ఒక సత్సంగంలో స్వచ్ఛందసేవ చేశాను. చీటీలు పోగుచేసి, విప్పి, ఒకే రకమైన వాటిని ఒకచోట చేర్చి వేదిక మీదకు పంపడం నా పని. చీటీలో అసలు ప్రశ్న తరచుగా కొట్టివేసిన పంక్తిలోనే ఉంటుందని నాకు అర్థమైంది. మొదట "ఆమె నన్ను మోసం చేసింది, క్షమించాలా" అని రాసి, గీత కొట్టి, కింద "క్షమాగుణం అలవరచుకోవడం ఎలా?" అని రాస్తారు. మోహం, బంధం, ఋణానుబంధం, కర్మ అనే పెద్ద మాటలు కనిపించినప్పుడల్లా వాటి వెనుక ఒక మనిషి పేరు దాగి ఉన్నదని నాకు అనిపించేది. నలుగురిలో చదువుతారన్న సిగ్గు వల్ల అలా రాస్తారు. అందులో తప్పేమీ లేదు. కాని వేదిక మీద ఉన్నవారికి కొట్టివేసిన పంక్తి కనిపించదు, కనిపించినా దానిని పైకి చదవడం మర్యాద కాదు. మీరు మోహం గురించి అడిగారు, ఆయన మోహం గురించే చెప్పారు. మీ సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

వీలుంటే సత్సంగం తరువాత, మరికొందరు కనుచూపు మేరలో ఉన్నప్పుడు, రెండు నిమిషాలు మాట్లాడతానని అడగండి. వెళ్ళే ముందు జరిగినదానిని మూడు వాక్యాలలో, అలంకారాలు లేకుండా రాసుకోండి. రాసుకోవడంలోనే సగం చిక్కు విడిపోయినవారిని చూశాను. (నా సొంత చీటీ ఒకటి నేనే దాచేశానన్నది వేరే సంగతి.)

సమాధానం – ఎదురుగాలి

పై ఇద్దరూ చెప్పినదానిని కాదనను కాని, ఒక హెచ్చరిక అవసరం. పదకొండేళ్ళ క్రితం ఇటువంటి సంకటంలోనే నేను అప్పటి నా గురువును సూటిగా అడిగాను. "వదిలెయ్" అన్నారు. వదిలేశాను. రెండేళ్ళ తరువాత ఆ నిర్ణయం తప్పేమోనన్న బాధతో మళ్ళీ వెళితే, ఆయనకు ఆ మాట చెప్పినట్టే గుర్తు లేదు. ఆయనను నిందించడం లేదు. రోజూ ఎందరికో ఏదో చెబుతారు. నా జీవితాన్ని మోయవలసింది నేనే అన్నది అప్పుడు నేను మరచిపోయాను. జిడ్డు కృష్ణమూర్తి 1929లో, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను తానే రద్దు చేసి, ఆ తరువాత అర్ధశతాబ్దికి పైగా ప్రశ్నలు వింటూనే ఉన్నారు. అయితే సాధారణంగా ప్రశ్నను అడిగినవారి వైపే తిప్పేవారు. అది వినేవారికి విసుగు పుట్టించేదే, కాని ఆయన ఎవరి నిర్ణయాన్నీ తన చేతిలోకి తీసుకోలేదు.

ఎవరితో ఉండాలో తానే చెబుతాననే గురువు దగ్గర, ఈ సంగతి మరెవరికీ చెప్పవద్దనే గురువు దగ్గర ఆగకండి. నిద్ర, ఆకలి వారాల తరబడి సరిగా లేకపోతే ముందు వైద్యుడిని కలవండి. ధ్యానం ఆ పని చేయదు.

సమాధానం – పాతపుటలు

ఎదురుగాలి గారి మాటకు ఒక చిన్న చేర్పు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుడనే ఋషి దగ్గరకు వెళితే, ఆయన ఒక సంవత్సరం తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఉండి ఆ తరువాత అడగమన్నాడు. "మాకు తెలిస్తే అంతా చెబుతాం" అన్నాడు. ఆ "తెలిస్తే" అన్న మాట పలకగలవారి దగ్గర అడగడానికి భయపడనవసరం లేదని నా అభిప్రాయం.

బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. మూడు వాక్యాలు రాయమన్నారు కాబట్టి నిన్న రాత్రి కూర్చున్నాను. మొదటిది, ఆయన వెళ్ళిపోయారు. రెండవది, తిరిగి వస్తానంటున్నారు. మూడవ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయి, చివరికి "ఎందుకు వెళ్ళారో నేను ఇంతవరకు అడగలేదు" అని రాశాను. రాసిన తరువాత చూస్తే, అది గురువుగారికి పంపవలసిన చీటీ కాదని తెలిసింది. ఈ వారం సత్సంగానికి వెళతాను గాని ఏమీ రాసి పంపను. దానికంటే ముందు ఆయనకు ఫోన్ చేయాలి.