డచ్చివారి వలస పాలనపై నవలలు, సినిమాలు: దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మచిలీపట్నంలో డచ్చివారి వర్తకం గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాను గానీ, ఇండోనేషియాలో వారి పాలన ఎలా సాగిందో తెలియదు. చదవదగిన నవలలు, చూడదగిన సినిమాలు ఉంటే దయచేసి సూచించగలరు.

జవాబు 1: జావాలో ప్రభుత్వోద్యోగం చేసి రాజీనామా ఇచ్చిన డౌవెస్ డెక్కర్, ముల్తాతూలి అనే కలం పేరుతో 1860లో వెలువరించిన ‘మాక్స్ హావెలార్’తో మొదలుపెట్టండి. అందులో సైజా అనే కుర్రవాడి ఇంటి గేదెను స్థానిక అధికారి లాక్కుంటే, తండ్రి తాతల నాటి కటారిని అమ్మి ఇంకొకటి కొంటాడు. దాన్నీ తోలుకుపోతే, దోమతెరకున్న వెండి కొక్కేలు అమ్మి మూడోది కొంటాడు. నవలలో కథ చెప్పేవారిలో ఒకడైన కాఫీ దళారి సొంత గొప్పలు మాత్రం కాస్త ఓపికగా చదవాలి. 1976లో ఇది సినిమాగానూ వచ్చింది.

జవాబు 2: అది ఎంత గొప్పదైనా పాలకుల వైపు మనిషి రాసినదే కదా. బూరూ దీవిలో ఖైదీగా ఉండి, రాసుకునే వీలు లేక తోటి ఖైదీలకు నోటితో చెప్పిన కథను ఇండోనేషియా రచయిత ప్రమూద్య అనంత తూర్ 1980లో ‘బూమి మానుసియా’గా ప్రచురించారు. డచ్చివాడికి ఉంపుడుగత్తెగా అమ్ముడుపోయి, అతని వ్యాపారమంతా తానే నడిపిన న్యాయ్ ఒంతోసోరోకు కన్నకూతురిపైనే హక్కు లేదని వలస న్యాయస్థానం తేల్చే ఘట్టం కోసమైనా చదవండి. 2019 నాటి సినిమా మూడు గంటలు సాగుతుంది. నా మటుకు నవలే మేలు.

జవాబు 3: 1945–49 నాటి ఇండోనేషియా స్వాతంత్ర్య యుద్ధం గురించైతే, అక్కడి సులవేసి దీవిలో డచ్చి సైనికుల హత్యాకాండను చూపిన 2020 నాటి ‘ద ఈస్ట్’ చూడండి.