అప్‌డేట్: పాత ఎక్సెల్‌లో ఫార్ములాలు పనిచేయని ఫైల్ సంగతి

కొత్త ఎక్సెల్‌లో చేసిన షీటు 2016 వెర్షన్‌లో తెరిస్తే ముందు నంబర్లు బాగానే కనిపించి, ఏదైనా సెల్ మార్చగానే నేమ్ ఎర్రర్ (#NAME?) వస్తోందని అడిగాను కదా, అది తేలిపోయింది, రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ఫైల్ కరప్ట్ అవ్వలేదండీ. ఎర్రర్ వచ్చిన సెల్ మీద క్లిక్ చేసి ఫార్ములా బార్ చూస్తే ఎక్స్‌లుకప్ (ఒక విలువను వెతికి దానికి సరిపోయే జవాబు తెచ్చే ఫంక్షన్) ముందు ఎక్స్‌ఎల్‌ఎఫ్‌ఎన్ అని తగిలించి ఉంది, అంటే ఆ ఫంక్షన్ ఈ వెర్షన్‌కి తెలీదన్నమాట. అది మైక్రోసాఫ్ట్ 365లోనూ, 2021 నుంచి వచ్చిన వెర్షన్లలోనూ ఉంది, 2016, 2019లో లేదు. ముందు కనిపించినవి ఫైల్‌తో పాటు సేవ్ అయిన పాత జవాబులు, మళ్ళీ లెక్కేయాల్సి వచ్చేసరికి చేతులెత్తేస్తోంది.

అన్నీ పాత వెర్షన్లలోనూ ఉండే ఇండెక్స్, మ్యాచ్ ఫంక్షన్లు కలిపి తిరగరాశాను, ఇప్పుడు రెండు చోట్లా ఒకటే వస్తోంది. మ్యాచ్‌లో చివర సున్నా మాత్రం తప్పకుండా పెట్టండి, లేకపోతే దగ్గర్లో ఉన్న విలువేదో పట్టుకొచ్చి తప్పు జవాబు ఇచ్చేస్తుంది, చాలాసార్లు ఎర్రర్ కూడా చూపించదు, నాకైతే ఇదే ఎక్కువ భయం.

ఎక్స్‌ఎల్‌ఎస్‌గా (పాత ఎక్సెల్ ఫైల్ రకం) సేవ్ చెయ్యమని ఒకరు చెప్పారు గానీ వద్దు, అందులో 65,536 వరసలే పడతాయి, మిగతావి పోతాయి, పైగా ఫంక్షన్ గొడవ అలాగే ఉంటుంది. ఫిల్టర్ ఫంక్షన్ (అదీ 2016లో లేదు) వాడిన షీటు ఒకటి మిగిలింది, దానికి డేటా మెనూలోని అడ్వాన్స్‌డ్ ఫిల్టర్ ట్రై చేస్తున్నా.