విశ్వం ‘విస్తరిస్తోంది’ అందామా, ‘సాగుతోంది’ అందామా?

ప్రశ్న (ఒక సభ్యురాలు)

అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి పిల్లల గోడపత్రిక కోసం విశ్వం గురించి ఒక చిన్న వ్యాసం రాస్తున్నాను. మూడు చోట్ల కలం ఆగింది. మొదటిది, విశ్వం ‘వ్యాకోచిస్తోంది’ అనాలా, ‘విస్తరిస్తోంది’ అనాలా? రెండవది, ‘విశ్వంతో పాటు కాలం కూడా విస్తరిస్తుంది’ అని నేను రాసిన వాక్యం నిలుస్తుందా? మూడవది, ‘1340 కోట్ల కాంతి సంవత్సరాల క్రితం నాటి గెలాక్సీ’ అని ఎక్కడో చదివి అలాగే దింపుకున్నాను. మా పాఠశాలలో గణితం చెప్పే ఆయన అది తప్పన్నారు కానీ, సరైన వాక్యం ఏమిటో చెప్పలేదు. పెద్దలు వివరించగలరు.

సమాధానం

అమ్మా, మీ మూడు సందేహాలకూ మూలం ఒక్కటే. దూరానికి వాడే మాటను కాలానికీ, కాలానికి వాడే మాటను దూరానికీ ఇచ్చిపుచ్చుకోవడం మన భాషలో ఎప్పటినుంచో ఉంది. విశ్వం సంగతి వచ్చేసరికి ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో చూసుకోవలసి వస్తుంది.

వ్యాకోచం అన్న మాటకు అసలు అర్థం పువ్వు విచ్చుకోవడం; సంస్కృతంలో బాగా విచ్చిన పువ్వును అలా అంటారు. అందమైన మాటే. కానీ మన పాఠ్యపుస్తకాల్లో అది వేడితో ముడిపడి స్థిరపడిపోయింది. ఎండకు రైలు పట్టా పొడవు పెరుగుతుందని, అందుకే అతుకుల దగ్గర సందు విడుస్తారని చదువుకున్న పిల్లవాడు, విశ్వ వ్యాకోచం అనగానే విశ్వం వేడెక్కి ఉబ్బుతోందని అనుకుంటాడు. నిజం దానికి తలకిందులుగా ఉంది. విశ్వం పెద్దదవుతున్న కొద్దీ చల్లబడుతోంది. విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసప్పుడు దాని నిండా దాదాపు 3000 కెల్విన్ల వేడితో ఉన్న వెలుగే, ఇప్పటికి 2.7 కెల్విన్లకు దిగి, 1965లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరి రేడియో యాంటెనాకు సన్నని గురగురగా వినిపించింది. పైగా పట్టా పెరిగితే దాని మీద గీసిన గీత కూడా పెరుగుతుంది. విశ్వంలో అలా కాదు. గెలాక్సీ పెరగదు, సౌరకుటుంబం పెరగదు, మన చేతిలోని స్కేలూ పెరగదు. గురుత్వాకర్షణ గానీ ఇతర బలాలు గానీ గట్టిగా పట్టి ఉంచినవన్నీ అలాగే ఉంటాయి. గెలాక్సీల గుంపుకూ గుంపుకూ మధ్య ఎడం మాత్రమే పెరుగుతుంది. మనకు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ అయితే దూరం జరగడం అటుంచి మనవైపే వస్తోంది. కాబట్టి వ్యాకోచాన్ని పక్కన పెట్టమని నా సలహా.

ఇక విస్తరణ. ‘విస్తారో విగ్రహో వ్యాసః స చ శబ్దస్య విస్తరః’ అని అమరకోశం. వస్తువు పరుచుకుంటే విస్తారము, మాటలు పరుచుకుంటే విస్తరము. అదే అమరకోశం ప్రపంచ శబ్దానికి చెప్పిన అర్థాల్లో విస్తరము ఒకటి. ప్రపంచం అన్న మాటలోనే పరుచుకోవడం ఉందన్నది వినడానికి హాయిగానే ఉంటుంది. అయితే ఆ మాటను పుట్టించిన వారికి గెలాక్సీల సంగతి ముందే తెలుసునని పిల్లలకు చెప్పకండి. గెలాక్సీలు మన నుంచి దూరం జరగడానికీ, విశ్వం విస్తరించడానికీ ఉన్న సంబంధాన్ని బెల్జియం శాస్త్రవేత్త లమేత్ర్ 1927లో ప్రతిపాదించాడు, దూరం పెరిగేకొద్దీ గెలాక్సీలు తొలగిపోయే వేగమూ పెరుగుతుందని అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్ 1929లో కొలతలతో చూపాడు. ఆ ఘనత వారిది.

విస్తరణతో నాకున్న ఇబ్బంది వేరు. నేటి తెలుగులో ఆ మాట ఎక్కడెక్కడ వినిపిస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మంత్రివర్గ విస్తరణ, రోడ్ల విస్తరణ. రోడ్డు విస్తరించాలంటే పక్కనున్న ప్రహరీ గోడ కూలాలి, ఎవరిదో స్థలం పోవాలి. విశ్వానికి అటువంటి పక్క స్థలం లేదు. అది దేనిలోకీ చొచ్చుకుపోవడం లేదు. ‘ఇంతింతై వటుడింతై’ అన్న పద్యపాదాన్ని ఈ సందర్భంలో చాలామంది ఉదాహరిస్తారు. పద్యం మీద నాకెంత ప్రేమ ఉన్నా ఇక్కడ అది పొసగదు. ఎందుకంటే వామనుడు ఎదగడానికి నభోవీథి ముందే ఉంది, ఆయన పాదం మోపిన చోటు ఒకటి ఉంది. విశ్వానికి అలాంటి నడిమి చోటు లేదు. ఏ గెలాక్సీ మీద నిలబడి చూసినా దూరపు గెలాక్సీలన్నీ తన నుంచే తొలగిపోతున్నట్టు కనిపిస్తాయి.

అందుకే నేను వాక్యంలో వాడదగిన క్రియగా ‘సాగు’ను ప్రతిపాదిస్తున్నాను. రబ్బరు సాగుతుంది. పొయ్యి మీది బెల్లం పాకాన్ని వేలి కొసల మధ్య పట్టి చూస్తే తీగ సాగుతుంది. ఆ సాగడానికి పక్కవాడి స్థలం అక్కరలేదు, ఉన్నదే సాగుతుంది. పైగా ఇది అకర్మక క్రియ. సాగదీస్తే తీసేవాడు ఒకడుండాలి; సాగడానికి అక్కరలేదు. ఇక మీ రెండో ప్రశ్నకు తోవ చూపేది కూడా ఈ మాటే. కాలం సాగుతోంది, ప్రయాణం సాగుతోంది, బతుకు సాగుతోంది అని అనుకునేదీ ఈ క్రియతోనే కదా. నిడివి పెరగడం, ముందుకు నడవడం అనే రెండు అర్థాలు ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. ఆ రెండింటినీ విడదీసి చూపగలిగితే, కాలానికీ విశ్వం పెరగడానికీ ఉన్న సంబంధాన్ని చాలావరకు చెప్పినట్టే.

పాత సైకిల్ ట్యూబును నిలువునా కోసి ఒక పట్టీ తీసుకోండి. దాని మీద రెండేసి వేళ్ల ఎడంగా పెసరగింజలను జిగురుతో అతికించండి. ఇద్దరు పిల్లలు చెరో కొసా పట్టుకుని మెల్లగా లాగుతుంటే, గింజ గింజగానే ఉంటుంది, గింజల మధ్య ఎడం పెరుగుతుంది. పక్క గింజ ఒక వేలు ఎడం జరిగేలోగా దాని అవతలి గింజ రెండు వేళ్లు జరుగుతుంది. ఇప్పుడు ఒక గింజ నుంచి ఇంకో గింజకు ఒక చీమ నడుస్తోందనుకోండి. అది నడుస్తుండగానే ముందున్న దారీ సాగుతుంది, నడిచి వచ్చిన దారీ సాగుతుంది. గమ్యం చేరిన చీమను ఎంత దూరం నడిచావని అడిగితే అది చెప్పే లెక్కకు, బయలుదేరినప్పటి ఎడమూ సరిపోదు, చేరినప్పటి ఎడమూ సరిపోదు.

మీరు రాసిన గెలాక్సీ కథ అచ్చంగా ఇదే. మీ లెక్కను బట్టి అది సప్తర్షి మండలం దిశలో ఉన్న జీఎన్-జడ్11 అయి ఉంటుందనుకుంటున్నాను. దాని వెలుగు బయలుదేరినప్పుడు ఆ చోటుకూ, మన పాలపుంత అవుతున్న చోటుకూ మధ్య దూరం దాదాపు 275 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ వెలుగు మనల్ని చేరడానికి పట్టిన కాలం దాదాపు 1340 కోట్ల సంవత్సరాలు. ఇప్పుడు ఆ గెలాక్సీ ఉన్న దూరం దాదాపు 3200 కోట్ల కాంతి సంవత్సరాలు. సాగే విశ్వంలో దూరానికి తేదీ వేయాలి. అందుకు తెలుగులో ‘అప్పటి దూరం’, ‘ఇప్పటి దూరం’ అనే చక్కని జంట సిద్ధంగా ఉంది.

కాంతి సంవత్సరం అన్నది దూరం, 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. పేరులో సంవత్సరం ఉన్నందువల్ల ‘క్రితం’ తగిలించేస్తున్నారు. పిల్లలకు ఇది తేలిగ్గా చెప్పవచ్చు. పల్లెలో ‘మా ఇల్లు కూతవేటు దూరం’ అంటాం. కూత వినిపించేంత దూరమన్నమాట. దానినే సంస్కృతంలో క్రోశము అన్నారు. ఆ మాటకూ మూలార్థం కేకే. కాంతి సంవత్సరం కూడా ఒక కూతవేటే, కాకపోతే కూసేది కాంతి. ‘కూతవేటు క్రితం వచ్చాను’ అని ఎవరూ అనరు కాబట్టి, ‘కాంతి సంవత్సరాల క్రితం’ అని కూడా అనకూడదు.

ఇక కాలం విస్తరిస్తుందన్న వాక్యానికి వద్దాం. సూపర్నోవాలు, అంటే నక్షత్రాల పేలుళ్లలో ఒక రకం ఉంది. తెల్ల మరుగుజ్జు, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం పేలినప్పుడు కనిపించే వాటి వెలుగు పెరిగి తరిగే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. దగ్గరి గెలాక్సీలో 20 రోజుల్లో జరిగే మార్పును, విశ్వంలోని దూరాలు ఇప్పటిలో సగం ఉన్ననాడు పేలిన నక్షత్రంలో చూస్తే, మనకు 40 రోజులు పడుతుంది. 1990ల దశాబ్దంలో కొలిచి నిర్ధారించిన సంగతి ఇది. కారణం దారి సాగడమే. మొదటి రోజు వెలుగు వెనకాలే రెండో రోజు వెలుగు బయలుదేరుతుంది. వాటి మధ్య ఉన్న ఒక రోజు ఎడం, దారితో పాటు సాగి, మన దగ్గరికి వచ్చేసరికి రెండు రోజులవుతుంది. కాంతి తరంగంలో శిఖరానికీ శిఖరానికీ మధ్య ఎడం కూడా అలాగే సాగి, వెలుగు ఎరుపు వైపు ఒరుగుతుంది. అంతే తప్ప అక్కడి గడియారం నెమ్మదించలేదు. అక్కడ నిలబడిన వారికి 20 రోజులు 20 రోజులే. కాబట్టి సాగింది ‘వ్యవధి’, అదీ మనకు చేరిన వ్యవధి. కాలం మాత్రం రెండో అర్థంలోనే, అంటే నడవడమనే అర్థంలోనే సాగుతోంది.

ఇంకొక్క మాట. వ్యాసంలో ‘విశ్వం ఎంత వేగంతో సాగుతోంది’ అని రాయకండి. దానికి గంటకు ఇన్ని కిలోమీటర్లని ఒక్క జవాబు లేదు, దూరాన్ని బట్టి మారుతుంది. అది వేగం కాదు, వడ్డీ వంటిది. దూరాలు పెరిగే ఇప్పటి రేటు వంద కోట్ల ఏళ్లకు నూటికి సుమారు ఏడు. ఆ రేటును తలకిందులు చేస్తే, అంటే నూరును ఏడుతో భాగించి వంద కోట్ల ఏళ్లతో గుణిస్తే, దాదాపు 1400 కోట్ల ఏళ్లు వస్తుంది, విశ్వం వయసుగా లెక్కగట్టిన 1380 కోట్ల ఏళ్లకు చాలా దగ్గరగా. దూరాలు పెరిగే రేటులోనే వయసు లెక్క దాగి ఉండడం ఈ విషయమంతటిలో నన్ను ఎక్కువగా కదిలించే సంగతి.

మరొక సభ్యుడు

మీ వివరణ బాగుంది కానీ, సాగు అనగానే నాకు వరి సాగు, పత్తి సాగు గుర్తుకొస్తాయి. ‘విశ్వ సాగు’ అని శీర్షిక పెడితే ఎవరికి అర్థమవుతుంది? శాస్త్రానికి సమాసాలు కలిసే మాట కావాలి కదా.

సమాధానం

మీరు చెప్పింది నిజమండి. నామవాచకంగా ‘సాగు’ ఈ రోజు పొలానికే చెల్లింది, దానిని అక్కడే ఉండనిద్దాం. పారిభాషిక పదంగా ‘విశ్వ విస్తరణ’ స్థిరపడింది, మార్చవలసిన పని లేదు. శీర్షికలోనూ నిర్వచనంలోనూ విస్తరణ ఉండాలి. వివరించే వాక్యంలో క్రియగా సాగడం ఉండాలి. ఉష్ణోగ్రత అన్న పారిభాషిక పదం ఉండగానే ‘నీళ్లు కాగాయి’ అంటున్నాం కదా, ఇదీ అటువంటిదే.

ప్రశ్న అడిగిన సోదరి కోసం ఆ పేరాను ఇలా తిరగరాశాను. అవసరమైతే మార్చుకోండి.

‘విశ్వ విస్తరణ అంటే గెలాక్సీల గుంపుల మధ్య ఉన్న ఎడం సాగడం. జీఎన్-జడ్11 అనే గెలాక్సీ నుంచి ఇప్పుడు మనకు చేరుతున్న వెలుగు దాదాపు 1340 కోట్ల సంవత్సరాల క్రిందట బయలుదేరింది. అప్పటి దూరం సుమారు 275 కోట్ల కాంతి సంవత్సరాలు. దారి పొడవునా విశ్వం సాగుతూ వచ్చినందువల్ల ఇప్పటి దూరం సుమారు 3200 కోట్ల కాంతి సంవత్సరాలైంది. ఆ గెలాక్సీలో ఒక రోజులో జరిగిన సంఘటనను మనం చూడగలిగితే, అది మనకు పదకొండు రోజులకు పైగా సాగినట్టు కనిపిస్తుంది.’