దిండి దగ్గర పడవలో బ్యాటరీలు: జనరేటర్ వేసినా నిండటం లేదు, ఎక్కడ తేడా?

లంకపడవ:
అందరికీ నమస్కారమండీ. దిండి దగ్గర గోదావరి వశిష్ఠ పాయలో మాకో పాత చెక్క పడవ ఉంది. ఒకప్పుడు కొబ్బరికాయలు, ధాన్యం మోసిన పడవే, ఇప్పుడు పైన గది కట్టించి వెనక చిన్న వంటిల్లు పెట్టించాం. నాన్నగారు రిటైరయ్యాక ఎక్కువ అందులోనే ఉంటున్నారు. లంగరు వేసే చోటికీ కరెంటు స్తంభానికీ మధ్య వేరేవాళ్ళ కొబ్బరితోట ఉంది కాబట్టి ఒడ్డు నుంచి లైను లాగే వీల్లేదు.

150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదన్న లెక్క) ట్యూబులర్ బ్యాటరీలు, ఇళ్ళలో ఇన్వర్టర్లకి పెట్టే రకం, రెండు, పేరలల్‌లో, అంటే 12 వోల్టులే. వాటి మీద 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, లైట్లు, నీళ్ళ మోటారు, చిన్న డీసీ ఫ్రిజ్. చార్జింగ్ కోసం 2 కేవీఏ పెట్రోలు జనరేటర్ కొన్నాం, ముందువైపు 12 వోల్టుల డీసీ సాకెట్ ఉంది, క్లిప్పుల వైరు కూడా పెట్టెలోనే వచ్చింది. రోజూ సాయంత్రం నాలుగేసి గంటలు నడుపుతున్నాం, అయినా తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోతోంది, ఫ్యాన్లు నీరసంగా తిరుగుతున్నాయి. బ్యాటరీలు కొని ఏడాది కూడా కాలేదండీ. జనరేటర్ పెద్దది కొనాలా, బ్యాటరీలే మార్చాలా? జనరేటర్‌ని వంటింటి వెనక, రేకు కింద పెట్టాం, వాన తగలకుండా.

రాజోలు కరెంటు:
రెండూ వద్దండీ. తేడా ఆ డీసీ సాకెట్‌లో ఉంది. ఆ సైజు జనరేటర్లలో అది మామూలుగా 8 ఆంపియర్లు ఇస్తుంది, అదీ పైకి చెప్పే లెక్క. నాలుగు గంటలు నడిపితే 32 ఏహెచ్, అందులో కొంత వేడి కిందే పోతుంది. మీ వాడకం చూడండి, ఫ్యాన్లు రెండూ రాత్రంతా తిరిగితే 40 దాకా, ఈ ఎండల్లో ఫ్రిజ్‌కి ఇంకో 45, లైట్లు, మోటారు కలిపితే రోజుకి 100 ఏహెచ్ దగ్గరకొస్తుంది. రోజూ 100 తోడి 30 పోస్తుంటే ఏ బ్యాటరీ అయినా ఏం చేస్తుంది? పైగా ఆ సాకెట్ చార్జర్ కాదు, దారిలో కారు బ్యాటరీ దిగిపోతే కాస్త ఊపిరి పోయడానికి ఇచ్చింది. బ్యాటరీ ఎంత నిండింది, ఎప్పుడు తగ్గించాలి అన్నది దానికి తెలియదు.

జనరేటర్‌లో 230 వోల్టుల సాకెట్ ఉంది కదా, దానికి మంచి బ్యాటరీ చార్జర్ తగిలించండి. ట్యూబులర్‌కి కెపాసిటీలో పదో వంతు ఆంపియర్లు హాయిగా పడతాయి, మీ 300 ఏహెచ్‌కి 30 ఆంపియర్ల చార్జర్ సరిపోతుంది. 30 ఆంపియర్లు, 14.4 వోల్టులు అంటే 430 వాట్లు, చార్జర్ తినేది కలుపుకుంటే జనరేటర్ మీద 500 చిల్లర. చవక రకం చార్జర్లకి పవర్ ఫ్యాక్టర్ బాగోదు, అంటే వాడుకునే వాట్ల కంటే ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి జనరేటర్‌కి అది 750 వీఏలా కనపడొచ్చు. ఎలా చూసినా మీ 2 కేవీఏకి బరువేం కాదు.

ముందు ఒక పని చేయండి, పొద్దున్నే ఏదీ ఆన్ చేయకముందు మల్టీమీటర్‌తో వోల్టేజి, హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ (బ్యాటరీలో ఉండే ఆరు గదుల్లో ఒకటి) గ్రావిటీ, అంటే లోపలి యాసిడ్ చిక్కదనం, రాసుకుని ఇక్కడ పెట్టండి. చార్జర్ నుంచి బ్యాటరీకి వైరు పొట్టిగా, మందంగా ఉండాలి. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పూత కడుతుంది, అది గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరాక పెట్రోలియం జెల్లీ రాయండి. ఆ పూత ఉండగా ఎంత మంచి చార్జర్ పెట్టినా లాభం లేదు.

చెరువుగట్టు:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేనింకోటి కలుపుతాను, మీరు సాయంత్రం నడపడం మానేసి పొద్దున నడపండి. రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకి జనరేటర్లు నడిపేవాళ్ళం కదా, పెట్రోలు ఎక్కడ కాలిపోతోందో మాకు బాగా తెలుసు. మామూలు జనరేటర్ లోడు ఉన్నా లేకపోయినా అదే స్పీడులో తిరుగుతుంది, సగానికి సగం లోడు తగ్గినా పెట్రోలు మాత్రం సగానికి తగ్గదు.

బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు 30 ఆంపియర్లు ఇస్తే 30 తీసుకుంటుంది. 80 శాతం దాటిందంటే 15, 10, 5 అంటూ తగ్గించుకుంటూ పోతుంది, ఆ చివరి కాస్తా నిండటానికి గంటలకి గంటలు పడుతుంది. ఆ ఐదు ఆంపియర్ల కోసం లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలు తగలబెట్టడం నాకు మనసొప్పదు. తెల్లారగానే బ్యాటరీ ఆకలి మీద ఉంటుంది, అప్పుడో రెండు గంటలు జనరేటర్ వేసి ఆపేయండి. మిగతాది నింపే పని పడవ పైకప్పు మీద 200 వాట్ల సోలార్ పలకలు రెండు పెట్టి వాటికి వదిలేయండి. మన దగ్గర బాగా ఎండ కాసిన రోజు ఆ రెండూ 100 ఏహెచ్ దాకా ఇస్తాయి, నెమ్మదిగా నింపడం సోలార్‌కి వచ్చినంత బాగా జనరేటర్‌కి రాదు. ఆ రోజుల్లో జనరేటర్ తీయనే అక్కర్లేదు. ముసురు పట్టినప్పుడు, వరద రోజుల్లో మాత్రం జనరేటరే దిక్కు.

పాలకొల్లు టు బర్మింగ్‌హామ్:
అన్నయ్యా, చార్జింగ్ సంగతి వాళ్ళు చెప్పారు కానీ మీ మొదటి పోస్టులో చివరి వాక్యం చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. వంటింటి వెనక రేకు కింద జనరేటర్ అన్నారు కదా, దయచేసి ఈ రోజే అక్కణ్ణుంచి తీయించండి. నాన్నగారు లోపల పడుకుంటారు.

ఇక్కడ ఇంగ్లండ్ కాలువల్లో నారోబోట్లు ఉంటాయి, ఏడడుగుల వెడల్పు పడవలు, వాటిల్లోనే ఏడాదంతా కాపురం ఉండేవాళ్ళు చాలామంది. మీ సమస్యే వాళ్ళదీ, చలికాలంలో సోలార్ పనికిరాక జనరేటర్ తీస్తారు. 2013 ఏప్రిల్‌లో విండర్‌మేర్ సరస్సు మీద ఒక పడవలో తల్లీ, పదేళ్ళ కూతురూ నిద్రలోనే పోయారు. పోర్టబుల్ జనరేటర్‌ని పడవలోనే బిగించి దానికి సొంతంగా పొగగొట్టం తయారుచేసుకున్నారు, ఆ గొట్టం అతుకు ఊడి పొగ లోపలికొచ్చింది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, మెలకువ రానివ్వదు. 2019 ఏప్రిల్ నుంచి ఇక్కడ మనుషులు పడుకునే గది ఉన్న పడవల్లో దాని అలారం ఉండాలని రూలు పెట్టారు.

జనరేటర్‌ని గట్టు మీద, కనీసం ఇరవై అడుగుల దూరంలో పెట్టండి, గాలి పడవ వైపు నుంచి అటు వీచేలా చూసుకోండి, సముద్రపు గాలి మధ్యాహ్నానికి దిక్కు మారుతుంది కాబట్టి రోజూ చూడాలి. అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పడుకునే గదిలో పెట్టండి. పెట్రోలు డబ్బా కూడా పడవలో ఉంచొద్దు, దాని ఆవిరి గాలి కంటే బరువు, వెళ్ళి పడవ అడుగున కూర్చుంటుంది. ఇంజన్ వేడి మీద ఉండగా పెట్రోలు పోయొద్దు. బ్యాటరీల గ్యాస్ అందుకు వ్యతిరేకం, పైకి పోతుంది, అందుకని బ్యాటరీ పెట్టెకి పైన కన్నాలు ఉండాలి.

మరో మాట, ఇక్కడ కాలువల్లో లంగరేసినప్పుడు రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా జనరేటర్ వేయకూడదు. మనకి ఆ రూలు లేకపోయినా ఒడ్డున ఇళ్ళున్నాయి కదా, పొద్దున మరీ తెల్లవారుజామున కాకుండా అందరూ లేచాక వేస్తే బాగుంటుంది.

లంకపడవ:
చాలా చాలా థ్యాంక్సండీ అందరికీ. చదివిన వెంటనే నాన్నగారికి ఫోన్ చేశాను, జనరేటర్ గట్టు మీదకి ఎక్కించేశారు. అలారం కూడా ఆర్డర్ పెట్టాను. పొద్దున రీడింగులు ఇవీ: రెండూ కలిపి 11.9 వోల్టులు. మొదటి బ్యాటరీలో అన్ని సెల్సూ 1.140 దగ్గర. రెండోదాంట్లో ఐదు అలాగే ఉన్నాయి, ఒకటి మాత్రం 1.090. ఇంకో డౌటు, ఇంట్లో పాత ఇన్వర్టర్ ఒకటి ఖాళీగా ఉంది, చార్జర్ కొనకుండా దాన్నే పెట్టుకోవచ్చా?

రాజోలు కరెంటు:
ఇన్వర్టర్ పెట్టుకోవచ్చండీ, కానీ చాలావాటిలో చార్జింగ్ 10 నుంచి 15 ఆంపియర్లే, రెండు గంటల పని నాలుగు నుంచి ఆరు గంటలవుతుంది. కొన్ని జనరేటర్ కరెంటు తీసుకోవు కూడా, ఫ్రీక్వెన్సీ ఊగుతుంటే అసలు కరెంటే లేదనుకుని బ్యాటరీ మీదకి వెళ్ళిపోతాయి. వెనక యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటే నార్మల్‌లో పెట్టి చూడండి. అయినా టకటక కొట్టుకుంటుంటే వదిలేసి చార్జరే కొనండి.

రీడింగుల విషయానికొస్తే, ట్యూబులర్ నిండితే 1.240 దగ్గరుండాలి, మీవి బాగా అడుగున ఉన్నాయి. ఎప్పుడూ నిండకుండా వాడితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఏడాదే కాబట్టి ఇంకా తిరిగొచ్చే అవకాశం ఉంది. రెండు బ్యాటరీలనీ విడదీయండి. పేరలల్‌లో ఉంటే బలహీనమైనది మంచిదాన్ని కూడా కిందికి లాగేస్తుంది. విడివిడిగా ఒక్కోదాన్ని 15 ఆంపియర్లతో పూర్తిగా, అంటే గ్రావిటీ రెండు మూడు గంటల పాటు కదలకుండా నిలబడే దాకా చార్జ్ చేయాలి. ఇది జనరేటర్ మీద చేసే పని కాదు, ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చి ఇంటి కరెంటు మీద చేయండి, ఒక్కోదానికి పగలూ రాత్రీ పట్టొచ్చు. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే పోయండి, ముందు పోస్తే పొంగిపోతుంది, ప్లేట్లు బయటికి కనపడుతుంటే మాత్రం అవి మునిగేంత వరకు ముందే పోయాలి.

అంత చేశాక కూడా ఆ ఒక్క సెల్ మిగతావాటికంటే 0.030కి మించి తక్కువ చూపిస్తే ఆ సెల్ పాడైనట్టే. అప్పుడు వారంటీ కార్డు, ఈ రీడింగులు రాసిన కాగితం పట్టుకుని షాపుకి వెళ్ళండి, తేదీతో సహా సెల్ వారీగా రాసి ఉంటే వాళ్ళు కాదనడం కష్టం. అప్పటిదాకా మంచి బ్యాటరీ ఒక్కదాని మీదే నడిపించండి, 15 ఆంపియర్ల చార్జింగ్ చాలు. ఫ్రిజ్ మాత్రం రాత్రిపూట ఆపేయమని నాన్నగారికి చెప్పండి.