మూడు నెలలుగా ఒకే ముడి దగ్గర ఉన్నాను, ఇంట్లో తొందరపడితే మా ఆవిడ చేయి మొద్దుబారింది

పడుగుపేక:

నమస్కారం. నేను టోక్యోకి వచ్చి ఐదేళ్లయింది. మార్చి నుంచి మా ఆవిడా నేనూ కిన్‌బాకు నేర్చుకుంటున్నాం, అంటే జపాన్ పద్ధతిలో మనిషిని తాడుతో కట్టే విద్య. ఇద్దరం మాట్లాడుకుని, ఇష్టపడే చేరాం. దీని గురించి తెలుగులో అడిగే చోటు ఇంకెక్కడా దొరకలేదు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

మేం వెళ్లే స్టూడియో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. ఎనిమిది తతామి చాపల గది. చెప్పులు బయట విడిచి, మోకాళ్ల మీద కూర్చుని, 'ఒనెగాయ్ షిమసు' అని తల వంచాకే తాడు చేతికిస్తారు. రెండు గంటలకి ఇద్దరికీ కలిపి 7,000 యెన్లు. మొదటి రోజు ఒక్క ముడి కూడా వేయలేదు. చుట్టిన తాడు విప్పడం, మళ్లీ చుట్టడం, అంతే. తాడుని సగానికి మడిస్తే మధ్యలో వచ్చే మడతని నవాగాషిరా అంటారు, తాడు తల అని అర్థం. చీకట్లో అయినా ఆ తల వెంటనే వేలికి తగిలేలా చుట్టి పెట్టడం రావాలట.

తర్వాత నుంచి ఇప్పటిదాకా ఒకే ముడి. ఒక మణికట్టు చుట్టూ రెండు చుట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన చదునుగా కూర్చోవాలి. ఎంత లాగినా ముడి బిగుసుకోకూడదు, లోపల ఒక వేలు దూరేంత చోటు మిగలాలి. మూడు నెలలుగా ఇదే. కళ్లు మూసుకుని వేయమంటారు, ఎడమ చేత్తో మొదలుపెట్టమంటారు. నేను వేశాక సెన్సేయ్, అంటే మా గురువు, ముడి వైపు చూడరు, మా ఆవిడ ముఖం చూస్తారు.

మాది నేత కుటుంబం. పడుగులో పోగు తెగితే మా అమ్మ పక్కవాళ్లతో మాట్లాడుతూనే, చూడకుండా, రెండు వేళ్ల మధ్య నలిపి అతికేసేది. ఆ చేతులే నాకూ వచ్చాయి, ఈ విద్య తొందరగా పట్టుబడుతుంది అనుకున్నాను. అదే తప్పయింది.

పోయిన శనివారం ఇంట్లో ఒక వీడియో చూసి తకతె కొతె కట్టాను. చేతులు వీపు వెనక పెట్టి, జబ్బల మీదుగా ఛాతీ చుట్టూ తాడు తిప్పే కట్టు అది. చూడటానికి బాగా వచ్చింది, ఫొటో కూడా తీశాను. పది నిమిషాలకి తను 'బొటనవేలి దగ్గర ఏదో తేడాగా ఉంది' అంది. 'ఇంకొక్క నిమిషం, ఈ చివర సర్దేస్తా' అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. విప్పేసరికి చేతి వెనక వైపు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మొద్దుబారిపోయింది. రాత్రి భోజనాల వేళకి స్పర్శ తిరిగి వచ్చింది. తనకి కోపం లేదు, నాకే భయం పోవడం లేదు.

నేను చేసిన తప్పు ఏమిటి? సెన్సేయ్‌కి చెప్తే మమ్మల్ని మాన్పించేస్తారా? ఇంకో విషయం, వేరే ఒక చోట రెండు రోజుల్లో గాల్లో వేలాడదీసే కట్టు నేర్పుతామంటున్నారు. సరైన పర్యవేక్షణలో అక్కడ నేర్చుకోవడం మంచిదా, లేక ఈ ఒక్క ముడినే పట్టుకుని ఉండాలా?

మల్లెతీగ:

పడుగుపేక గారూ, ముందు మీ ఆవిడ చేయి సంగతి. ఈరోజే చూడండి. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందకి పెట్టి, మణికట్టు పైకి లేపమనండి. మీరు వేలితో మెల్లగా కిందకి నొక్కండి, రెండు చేతులూ ఒకే బలంతో ఆపుతున్నాయా చూడండి. బొటనవేలు పైకెత్తమనండి, వేళ్లు విప్పమనండి. ఏ మాత్రం తేడా ఉన్నా రేపు సెయ్‌కేయ్ గెకా (ఎముకలు, కీళ్ల) డాక్టర్ దగ్గరకి వెళ్లండి. తాడు నొక్కుకుంది అని ఉన్నదున్నట్టు చెప్పండి. నేనూ అలాగే చెప్పాను, డాక్టర్ నన్ను ఒక్క మాట అనలేదు. ఎక్కడ నొక్కుకుంది, ఎంతసేపు అని మాత్రం అడిగారు.

నేను ఏడేళ్లుగా నేర్చుకుంటున్నాను. రెండో ఏడాదిలో ఒక సాధన సమావేశంలో నాకు ఇదే జరిగింది, ఇంకా గట్టిగా. విప్పాక చూస్తే కుడి మణికట్టు వేలాడిపోయింది. పైకి లేపుదామంటే లేవదు. ఏడు వారాలు టీ కప్పు ఎడమ చేత్తోనే పట్టుకున్నాను. అప్పుడు నాకు నొప్పి లేదు, ఈ ఒక్క సంగతీ మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. నొప్పి వస్తే చెప్దాంలే అని కూర్చున్నాను, అది రానే లేదు.

జబ్బ ఎముక వెనక నుంచి ఒక నరం మెలి తిరిగి బయటి వైపుకి వస్తుంది. రేడియల్ నరం అంటారు. అది వచ్చే చోట కండ పల్చన, కింద ఎముక. తాడు అక్కడ పడితే నరం మధ్యలో నలుగుతుంది. మీరు చెప్పిన మొద్దుబారిన చోటు సరిగ్గా ఆ నరానిదే. పైగా ఆ నరం అందరికీ ఒకే ఎత్తులో ఉండదు. అందుకే వీడియోలో ఆమెకి తాడు పడ్డ చోటే మీ ఆవిడకీ వేస్తే కుదరదు. తాడు ఎంత బిగువుగా ఉందో కూడా వీడియో చెప్పదు.

చేయి మొత్తం రంగు మారి, కాలు తిమ్మిరెక్కినట్టు జుమ్మంటే అది చాలావరకు రక్తం సంగతి. అదీ ఊరికే వదిలేది కాదు, త్వరగా వదులు చేయాలి. కానీ ఒక చోట మాత్రమే మొద్దుబారినా, సూదులు గుచ్చినట్టున్నా, వేళ్లలో పట్టు తగ్గినా ఇక సర్దడాలు లేవు, వెంటనే విప్పాలి. ముడి మొండికేస్తే కోసేయాలి. మొన మొద్దుగా ఉండే ప్రథమ చికిత్స కత్తెర కొనండి, దాన్ని సంచిలో కాదు, కూర్చున్న చోటే చేతికందేలా పెట్టండి. 3,000 యెన్ల తాడు కోయడానికి చేయి వెనకాడే మనిషి నన్ను కట్టడానికి నేను ఒప్పుకోను.

గాల్లో కట్టు గురించి సూటిగా చెప్తున్నాను, వెళ్లొద్దు. నేల మీద ఉన్నప్పుడు తాడు మోసేది దాని బిగువునే. గాల్లో లేపితే మనిషి బరువంతా 6 మిల్లీమీటర్ల తాడు వేసిన ఆ నాలుగు చుట్ల మీద పడుతుంది. నేల మీద పది నిమిషాలు ఓర్చుకున్న నరం అక్కడ అంతసేపు ఆగదు. మా స్టూడియోలో నన్ను రెండున్నరేళ్లు నేల మీదే ఉంచారు.

సెన్సేయ్‌కి తప్పకుండా చెప్పండి. మంచి గురువు దీనికి మాన్పించరు. దాచారని తెలిస్తే మాత్రం బాధపడతారు.

కమోగావా:

నేను క్యోటోలో ఉంటాను. కట్టడం కంటే దీని చరిత్ర మీద నాకు పిచ్చి ఎక్కువ, కాబట్టి మల్లెతీగ గారు చెప్పినదానికి పక్క నుంచి కొంచెం చేరుస్తాను.

ఎడో కాలంలో (1603–1868) నేరస్థులని తాడుతో బంధించడం ఒక యుద్ధవిద్య, పేరు హోజోజుత్సు. రకరకాల సంప్రదాయాలు ఉండేవి, బందీ హోదాని బట్టి కట్టు మారేది. టోక్యోలో ఉన్నారు కాబట్టి ఓచనోమిజు స్టేషన్ దగ్గర మెయ్‌జీ విశ్వవిద్యాలయం మ్యూజియానికి ఒకసారి వెళ్లి రండి. ఆ కాలంలో మనుషులని పట్టుకోవడానికి వాడిన సాధనాలు అక్కడ ఉన్నాయి. తప్పించుకోవాలని చూసే మనిషి కోసం పుట్టిన విద్య అది. మీరు నేర్చుకునేది తనంతట తాను చేయి చాచిన మనిషి కోసం. చేతివేళ్ల కదలిక ఒకటే కావచ్చు గానీ మీ సెన్సేయ్ ముడి వదిలి ముఖం చూడటానికి కారణం ఈ తేడానే అని నా నమ్మకం.

ఇప్పటి కిన్‌బాకుకి ఆద్యుడిగా చిత్రకారుడు ఇతో సెయ్‌ఉ (1882–1961) పేరు చెప్తారు. కబుకీ నాటకాలూ ఎడో కాలపు శిక్షల బొమ్మలూ ఆయన చిత్రాలకి మూలం. యుద్ధం తర్వాత 1947లో ఒసాకాలో మొదలైన 'కితాన్ క్లబ్' అనే పత్రిక చుట్టూ ఈ ఆసక్తి ఉన్నవాళ్లు చేరారు. గురువుల్లో నాకు ఎక్కువ ఇష్టం యుకిమురా హరుకి. 2016లో పోయారు. నేల మీద, తక్కువ తాడుతో, నెమ్మదిగా కట్టడమే ఆయన పద్ధతి. మీరు మూడు నెలలుగా ఒకే ముడి అని బాధపడుతున్నారు. ఆయన తక్కువ తాడుతో కట్టే ఆ పద్ధతితోనే గౌరవం అందుకున్నారు.

అన్నట్టు మీ తాడు ఎక్కడిది? దుకాణంలో మూటలు కట్టడానికి అమ్మే జనపనార తాడైతే దానికి ఖనిజ నూనె వాసన ఉంటుంది, ఒంటికి మంచిది కాదు. కిన్‌బాకు తాడుని ఇక్కడ అసానవా అంటారు, 'అసా' అంటే గంజాయి జాతి నార. కానీ 1948 చట్టం ఆ మొక్క సాగుని కట్టడి చేసింది, ఇప్పుడు వాడేది ఎక్కువగా మనం ఎరిగిన జనపనారే. దాన్ని ఉడకబెట్టి, బిగువుగా లాగి ఆరబెట్టి, పైన లేచిన నూగుని మంట మీద చకచకా తిప్పి కాల్చి, గుర్రపు కొవ్వు నూనె పలచగా పట్టిస్తారు. నేత ఇంట్లో పుట్టినవారు, నూలుకి గంజి పెట్టడం చూసే ఉంటారు. ఆ ఓపిక మీకు కొత్త కాదు.

వానచినుకు:

ఇది మీ ఆవిడ కోసం. మీరు చదివి వినిపించండి.

అక్కా, నేను కట్టించుకునే వైపు మనిషిని, ఇక్కడ ఉకేతే అంటారు. మనకి మొహమాటం, వీళ్లకి గమాన్ అనే ఓర్పు. రెండూ కలిస్తే నోరు పెగలదు. ఆయన శ్రద్ధగా కడుతుంటే మధ్యలో ఆపితే పాడైపోతుందేమో అనిపిస్తుంది, నాకూ అనిపించేది. 'ఏదో తేడాగా ఉంది' అనకు. 'విప్పు' అను. ఒక్క మాట చాలు. మా ఇంట్లో ఆ మాట వచ్చాక ఎందుకు అని అడగకూడదు, విప్పాకే అడగాలి. కట్టు నడుస్తున్నంతసేపూ వేళ్లు ఒక్కొక్కటీ బొటనవేలికి ఆనించుకుంటూ ఉండు, మణికట్టు కొంచెం పైకి లేపి చూసుకో. తేడా ఆయన కంటే ముందు నీకే తెలుస్తుంది. ఈ విద్యలో సగం నీది. స్టూడియోలో నువ్వు కూడా ప్రశ్నలు అడుగు.

పడుగుపేక:

అందరికీ చాలా థాంక్స్. మల్లెతీగ గారు చెప్పినట్టు అదే రోజు చూశాం. మణికట్టు బలం రెండు వైపులా సమానంగానే ఉంది. అయినా మర్నాడు డాక్టర్‌కి చూపించాం, ఏమీ లేదన్నారు. వానచినుకు గారి మాటలు చదివి వినిపించాను. తను మళ్లీ ఒకసారి చదవమంది.

బుధవారం క్లాసులో తాడు తీయకముందే సెన్సేయ్‌కి మొత్తం చెప్పాను, 'ఇంకొక్క నిమిషం' అన్న మాటతో సహా. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా ఆవిడని అడిగి, అనుమతి తీసుకుని, ఆవిడ జబ్బ బయటి వైపు ఒక వేలితో మెల్లగా నొక్కుతూ కిందకి వచ్చారు. ఒక చోట 'ఇక్కడ' అంది తను. ఆ చోటు నా వేలితో వెతకమన్నారు. మొదటిసారి దొరకలేదు, రెండోసారీ దొరకలేదు. తర్వాత నా జబ్బ మీద తనని వెతకమన్నారు, తనకి వెంటనే దొరికింది. నాది తనదాని కంటే దాదాపు రెండు వేళ్లు కింద ఉంది.

ఆ రోజు తాడు నాకివ్వలేదు. మా ఆవిడకిచ్చారు. నా మణికట్టుకి అదే ముడి, రెండు చుట్లు. తను ముడి వేస్తూ మూడుసార్లు ఆగి నా ముఖంలోకి చూసింది. మూడు నెలల్లో నేను అలా ఒక్కసారి కూడా చూడలేదని అక్కడ కూర్చుంటే తెలిసింది. గంటన్నర అలాగే గడిచింది. చివర్లో సెన్సేయ్, వచ్చే నెలంతా మా ఆవిడే కట్టాలన్నారు.

రెండు రోజుల శిక్షణకి పేరు ఇవ్వడం లేదు. కత్తెర కొన్నాం. కమోగావా గారూ, తాడు స్టూడియోదే, 7 మీటర్లది. కానీ కొత్త తాడు ఒకటి, ఇంకా శుద్ధి చేయనిది, తెచ్చుకున్నాం, ఈ ఆదివారం ఉడకబెడతాం. నూగు కాల్చేటప్పుడు తాడు మంటకి ఎంత దూరంలో తిప్పాలో చెప్పగలరా?

కమోగావా:

మంట కొసకి తాకీ తాకనట్టు, ఎక్కడా ఆగకుండా. తాడు బాగా ఆరాకే చేయండి. ముందు చివరి ఒక మూర మీద చేసి చూడండి. నార గోధుమరంగు దాటి నల్లబడితే చేయి నెమ్మదించిందన్నట్టు, అక్కడ నార బలం పోతుంది, ఆ ముక్క వాడొద్దు. కిటికీ తీసి ఉంచండి, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకోండి. ఒకరు తాడు లాగాలి, ఒకరు మంట చూడాలి. మంట ఆవిడకివ్వండి.