సైలేజీ రిపోర్టులో ఐరన్ ఎక్కువ, కాల్షియం తక్కువ: మినరల్ మిక్చర్ ఎంత?

ప్రశ్న: హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్) క్రాస్ ఆవులు, ఒక్కోటి రెండు పూటలా కలిపి 15 లీటర్ల పాలు. రోజుకు 25 కిలోల మొక్కజొన్న సైలేజీ (పాతరేసిన పచ్చిమేత). రిపోర్టులో డ్రై మ్యాటర్ (నీరు పోగా మిగిలేది) 30 శాతం, అందులో కాల్షియం 0.25 శాతం వచ్చింది, ఐరన్ మాత్రం చాలా ఎక్కువ. ఏం చేయాలి?

జవాబు: బూడిద శాతం కూడా పెరిగిందా? అయితే అది మట్టే, పాతరలో మేత తొక్కించేటప్పుడు ట్రాక్టర్ టైర్లతో వస్తుంది. మళ్లీ పరీక్షకు పైపొర తీసేసి పది చోట్ల పిడికెడు చొప్పున కలిపి, అందులో అరకిలో కవర్లో వేసి గాలి పిండేసి ఐసులో ల్యాబ్‌కు పంపండి. ఖనిజాలకు ఎన్‌ఐఆర్ (కాంతితో చేసే త్వరిత పరీక్ష) నమ్మొద్దు, వెట్ కెమిస్ట్రీ (రసాయనాలతో చేసే పరీక్ష) అడగండి.

జవాబు: అన్నా, ఆ లెక్కన సైలేజీ నుంచి 19 గ్రాముల కాల్షియమే. ఆవుకు రోజుకు కావాల్సింది 60 పైనే. మినరల్ మిక్చర్ 100 గ్రాములతో ఓ 20 వస్తుంది, మిగతాదానికి దాణాలో సున్నపురాయి పొడి 50 గ్రాములు కలపండి.

జవాబు: చూడి ఆవులకు మాత్రం ఈనే ముందు మూడు వారాలు ఆ సున్నపురాయి పొడి ఆపండి, లేకపోతే ఈనగానే పాలజ్వరం (రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) రావచ్చు.